కొత్త మోడల్ పేరు చెప్పి పాత గిటార్ పంపుతున్నారు, అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

కోనసీమ, భీమవరం, కాకినాడ వైపు చర్చి టీముల్లో, ఆర్కెస్ట్రాల్లో గిటార్, బేస్ వాయించే అన్నయ్యలకీ తమ్ముళ్ళకీ ఈ హెచ్చరిక. సెమీ క్రిస్మస్‌లు దగ్గర పడుతున్నాయి. ఆ వెంటే సంక్రాంతి, ప్రభల తీర్థాలు, తర్వాత అంతర్వేది తీర్థం. మనకి ప్రోగ్రాములు వరసగా దొరికేది ఈ కాలంలోనే కాబట్టి, గిటార్ మార్చాలన్నా పెడల్ (కాలితో నొక్కి గిటార్ సౌండ్ మార్చే డబ్బా) కొనాలన్నా ఇప్పుడే జేబులో చెయ్యి పెడతాం. సరిగ్గా ఇదే టైముకి 'ఈ ఏడాది బెస్ట్ గిటార్లు, బెస్ట్ పెడల్స్' అని వీడియోలు కుప్పలుగా వస్తాయి. ఆ వీడియోల్లో పేరు చూపించి, ఆ పేరు మీద వేరే సరుకు అంటగట్టే వ్యాపారం ఒకటి బాగా నడుస్తోంది. మా ట్రూప్‌కి అదే జరిగింది.

2024లో అందరి నోటా వినపడిన పేరు ప్లేయర్ టూ, ఫెండర్ కంపెనీ కొత్త ఎలక్ట్రిక్ గిటార్ల సిరీస్. మా లీడ్ గిటార్ బాగా అరిగిపోయింది. అందరం కలిసి డబ్బులు వేసుకుని ప్లేయర్ టూ స్ట్రాటోకాస్టర్ తీసుకుందామనుకున్నాం. రాజమండ్రిలో అడిగితే కొత్తది ఇంకా రాలేదు, వచ్చాక ఫోన్ చేస్తామన్నారు. ఈలోపు ఆన్‌లైన్‌లో ఒకతను తగిలాడు. కొట్టు పేరు రాయడం లేదు, కంప్లైంట్ నడుస్తోంది. పేజీ నిండా మంచి ఫోటోలు. 'స్టాక్ ఉంది బ్రదర్, రెండే పీసులు మిగిలాయి' అన్నాడు. ధర 84,000. సగం అడ్వాన్స్, మిగతా సగం పార్సిల్ బుక్ చేసే ముందు. బాస్ కంపెనీ డీఎస్-1 పెడల్ కూడా తీసుకుంటే అడాప్టర్ ఫ్రీ. ఫోటోల సంగతి మాకు తర్వాత తెలిసింది, అవన్నీ కంపెనీ సొంత ఫోటోలే. అతని కొట్టులో తీసింది ఒక్కటి లేదు.

పెద్ద పెట్టెలు మా ఊరిదాకా తెచ్చివ్వరు, రావులపాలెం వెళ్ళి తెచ్చుకోవాలి. పెట్టె అక్కడే, కొరియర్ కుర్రాడి ముందే విప్పాం. మా బేస్ ప్లేయర్ ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. పైకి చూస్తే మెరుస్తూనే ఉంది. నేను హెడ్‌స్టాక్ (తీగలు బిగించే మరలుండే పై భాగం) వెనక్కి తిప్పి చూశాను. సీరియల్ నంబర్ ఎంఎక్స్21తో మొదలైంది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పాత మోడల్ ప్లేయర్, కొత్త ప్లేయర్ టూ రెండూ మెక్సికోలో తయారయ్యేవే. వాటికి హెడ్‌స్టాక్ వెనక ఎంఎక్స్ అని, పక్కన తయారైన సంవత్సరం రెండంకెల్లో, ఆ తర్వాత ఆరంకెల నంబర్ ఉంటుంది. ఎంఎక్స్21 అంటే 2021లో చేసింది. ప్లేయర్ టూ మార్కెట్లోకి వచ్చిందే 2024 జూలైలో. ఇంక వాదించడానికి ఏముంది?

నంబర్ సరే, చెక్క కూడా అదే చెబుతుంది. 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతులన్నిటికీ దేశాలు దాటాలంటే సైటిస్ (అంతరించిపోయే జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) పర్మిట్లు తప్పనిసరి అయ్యాయి. ఆ తలనొప్పి కాలంలో, 2018లో, వచ్చిన ప్లేయర్ సిరీస్‌లో ఫెండర్ ఫ్రెట్‌బోర్డ్‌కి (వేళ్ళతో తీగలు నొక్కే పలకకి) రోజ్‌వుడ్ బదులు పావు ఫెర్రో అనే చెక్క వేసింది. పూర్తిగా తయారైన వాయిద్యాలకి ఆ నిబంధనని 2019 చివర్లో సడలించారు. ప్లేయర్ టూలో రోజ్‌వుడ్ మళ్ళీ వచ్చింది. పావు ఫెర్రో కాస్త ఎర్రటి లేత గోధుమరంగు, చారలు కనిపిస్తాయి. రోజ్‌వుడ్ ముదురు. మాకొచ్చినదాని ఫ్రెట్‌బోర్డ్ మొదటి చూపుకి ముదురుగానే ఉంది, కానీ తెల్లగుడ్డ పెట్టి తుడిస్తే జిడ్డు ఊడి వచ్చింది. నూనె దట్టించి పంపాడు. తుడిచిన చోట లేతరంగు బయటపడింది. ప్లేయర్ టూకి ఫ్రెట్‌బోర్డ్ అంచులు గుండ్రంగా అరగదీసి ఉంటాయి, నెక్ పట్టుకోగానే అరచేతికి తెలుస్తుంది. దీని అంచులు అలా లేవు. మేపుల్ ఫ్రెట్‌బోర్డ్ ఉన్నది కొనేవాళ్ళకి రంగు తేడా పనికిరాదు. వాళ్ళు సీరియల్ నంబర్, అంచులు చూసుకోవాలి.

ఇది పాత మోడలే కాదు, కొట్టులో గోడకి వేలాడదీసి వచ్చినవాళ్ళందరి చేతా వాయింపించిన డిస్‌ప్లే పీస్ కూడా. మొదటి మూడు ఫ్రెట్ల (పలక మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) మీద, సన్న తీగల కింద, చిన్న చిన్న గుంటలు పడి ఉన్నాయి. రోజూ ఓపెన్ కార్డ్స్ వాయిస్తే తప్ప అవి పడవు. బ్రిడ్జ్ (కింద తీగలు ఆనే భాగం) మీద తీగల ఎత్తు సరిచేసే బుల్లి స్క్రూలకి తుప్పు. మన ఉప్పుగాలికి తుప్పు పట్టడం మామూలే, ఓడలరేవు ప్రోగ్రాం చేసొచ్చిన మర్నాడు తీగలు ఎలా ఉంటాయో మనకి తెలియంది కాదు. కానీ సీల్ ప్యాక్ అని చెప్పిన గిటార్ మన ఊరి గాలి తగలకముందే తుప్పు పట్టి వచ్చిందంటే అర్థం వేరు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. పాత ప్లేయర్ చెడ్డ గిటార్ కాదు. వాడిన పీస్ అని చెప్పి, తగ్గ ధరకి ఇస్తే నేనే తీసుకునేవాణ్ణి. కంపెనీ మీద కూడా నాకు కంప్లైంట్ లేదు. పాతదానికి కొత్తదాని ధర గుంజడం, నూనె పూసి మాయ చెయ్యడం, ఇవీ నా గొడవ.

ఫోన్ చేస్తే డబ్బు ముట్టేదాకా ఉన్న 'బ్రదర్' మాయమైపోయాడు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు మాట్లాడాడు. ముందు 'సీరియల్ నంబర్లు ఫ్యాక్టరీలో ముందే కొట్టేసి ఉంచుతారు' అన్నాడు. మూడేళ్ళ ముందా! అది నిలబడదని తెలిశాక 'నేను ప్లేయర్ అనే చెప్పాను, టూ అని మీరు అనుకున్నారు' అన్నాడు. అప్పుడు పాత చాట్ తీసి చూస్తే అతని తెలివి అర్థమైంది. మోడల్ పేరు అతను ఎక్కడా టైపు చెయ్యలేదు. అడిగిన ప్రతిసారీ వెంటనే ఫోన్ చేసి నోటితోనే చెప్పాడు. బిల్లులో కూడా 'ఎలక్ట్రిక్ గిటార్ - 1' అని ఉంది తప్ప మోడల్ లేదు, సీరియల్ నంబర్ లేదు. మా బేస్ ప్లేయర్ ఒకసారి 'ప్లేయర్ టూయేనా, కన్ఫర్మ్ చెయ్యండి' అని మెసేజ్ పెడితే బొటనవేలు గుర్తు పెట్టాడు. ఇప్పుడు మా చేతిలో ఉన్న గట్టి ఆధారం ఆ బొటనవేలే.

అందుకని, అడ్వాన్స్ వేసేముందు మోడల్ పూర్తి పేరూ సీరియల్ నంబరూ రాతలో తెప్పించుకోండి. బిల్లు మీద అవే రాయాలని అప్పుడే చెప్పండి. వీడియో కాల్ చేసి, గిటార్ వెనక్కి తిప్పించి నంబర్ లైవ్‌లో చదివించండి. 'గోడౌన్‌లో ఉంది', 'సీల్ విప్పితే వారంటీ పోతుంది' అంటే అక్కడితో ఆపెయ్యండి. బిల్లు మీద ఉండే 15 అక్షరాల జీఎస్టీ నంబర్‌ని జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడొచ్చు, లాగిన్ కూడా అక్కర్లేదు. మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్: మనది 37, తెలంగాణ 36. విజయవాడ కొట్టు అని చెప్పి బిల్లు మీద ఇంకో కోడ్ ఉంటే ఎందుకో అడగండి. డబ్బు కొట్టు ఖాతాకి కాకుండా ఎవరో మనిషి పేరున్న యూపీఐకి వెయ్యమంటే టెన్షన్ పడాల్సిందే.

పెట్టె మీద స్టిక్కర్ కూడా చూడాలి. బయటి దేశం నుంచి వచ్చే ప్యాక్ చేసిన సరుకు మీద దిగుమతి చేసుకున్న వాళ్ళ పేరు, అడ్రస్, ఎమ్మార్పీ, ఏ దేశంలో తయారైందో ఉండాలని తూనికలు కొలతల చట్టం కింద ఉన్న నిబంధనలే చెబుతున్నాయి. మా పెట్టె మీద ఆ స్టిక్కర్ ఉండాల్సిన చోట చించేసిన జిగురు మరక ఉంది.

ఇక ఫ్రీ అడాప్టర్ సంగతి. పెడల్ కొనేవాళ్ళు ఈ ఒక్క పేరా అయినా చదవండి. డీఎస్-1 పెట్టెలో కంపెనీ అడాప్టర్ ఇవ్వదు. ఇతను ఇచ్చింది నల్లటి, పేరు లేని అడాప్టర్. పెడల్‌కి గుచ్చే ముందు దాని మీద అక్షరాలు చదివాం కాబట్టి పెడల్ బతికింది. అది 12 వోల్టులది, మధ్య పిన్ను ప్లస్. సీసీ కెమెరాలకి వాడే అడాప్టర్ అన్నమాట. బాస్ పెడల్స్‌కి కావాల్సింది 9 వోల్టుల డీసీ, మధ్యలో మైనస్. చిక్కేమిటంటే రెండిటి పిన్నూ ఒకటే సైజు, హాయిగా లోపలికి దిగిపోతుంది. కొన్ని పెడల్స్‌లో ఉల్టా కరెంటుకి అడ్డంగా ఒక డయోడ్ ఉంటుంది, దెబ్బ అది తినేసి కాలిపోతుంది. ఏ రక్షణా లేని చౌక పెడల్ అయితే లోపలి ఐసీ చిప్పే పోతుంది. పెడల్ మీద జాక్ పక్కనా, అడాప్టర్ మీదా చుక్క, దాని చుట్టూ తెగిన వలయం బొమ్మ ఉంటుంది. చుక్కకి కలిపిన గుర్తు రెండిటి మీదా మైనసే అయితే పెట్టండి. ఇంట్లో వైఫై రూటర్ అడాప్టర్ పీకి స్టేజి మీద పెడల్‌కి పెట్టే అలవాటున్న తమ్ముళ్ళకీ ఇదే మాట.

కరెంటు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. 'యూఎస్ పీస్, చవక' అని ఆంప్‌లు (గిటార్ సౌండ్ పెంచే యాంప్లిఫైయర్లు) కూడా అమ్ముతున్నారు. బావగారో బాబాయి కొడుకో అక్కణ్ణుంచి తెచ్చిపెట్టేవి కూడా ఉంటాయి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. వెనక ప్లేటు మీద 120 అని మాత్రమే ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన ప్లగ్గులో పెట్టకండి.

బేస్ వాళ్ళకి వేరే మోసం ఉంది, దాన్ని మేం తప్పించుకున్నాం. ఫోటోలో పెద్దదిగా కనిపించే పొట్టి బేస్‌ని మామూలు సైజు అని పంపుతున్నారు. మామూలు బేస్ స్కేలు, అంటే నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ) నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు, 34 అంగుళాలు. పొట్టివి 30 దాకా ఉంటాయి. వీడియో కాల్‌లో నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా టేపు పెట్టించండి, 17 అంగుళాలు రావాలి. ఫెండర్ స్కేలు గిటార్ అయితే అదే కొలత పన్నెండు ముప్పావు.

అసలు ఈ 'ఏడాది బెస్ట్' జాబితాల గురించి నా అభిప్రాయం చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. యమహా పసిఫికా ప్రొఫెషనల్ గిటార్, బాస్ జీఎక్స్-10 ప్రాసెసర్ (చాలా పెడల్స్ పని ఒక్కటే చేసే డబ్బా), కటానా జెన్ త్రీ ఆంప్, నానో కార్టెక్స్ ప్రాసెసర్ అన్నీ 2024లో వచ్చిన మంచి సరుకే, వాటికి వంక పెట్టను. కానీ ఆ వీడియో తీసిన గదికీ మన స్టేజికీ సంబంధం లేదు. జనరేటర్ హమ్, షామియానా కింద చెమట, రాత్రి మంచు, పక్కనే డీజే, వీటిలో నిలబడుతుందా అని ఆ వీడియోలో ఎవరూ చూపించరు. కొత్త ప్రాసెసర్ పాడైతే రిపేరుకి ఎక్కడికి పంపాలో ముందే కనుక్కోండి. డీఎస్-1 అయితే 1978 నుంచి అదే నారింజ డబ్బాలో వస్తోంది, ఊళ్ళో టంకం పెట్టే కుర్రాడు కూడా బాగుచేస్తాడు. నెమ్మదిగా కొంటే ధర కూడా దిగుతుంది. సీజన్ ఒత్తిడిలో ఉన్నవాణ్ణి చూసే 'రెండే పీసులు' అంటారు.

మాలా ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళు ఉంటే: డబ్బు కట్టించుకుని సరుకే పంపకుండా ఫోన్ ఎత్తకపోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చెయ్యండి, ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. వేరే సరుకు పంపితే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం అమ్మినవాడి ఊరు వెళ్ళక్కర్లేదు, మనం ఉండే చోటే కేసు వెయ్యొచ్చు. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వెయ్యాలి. విప్పేటప్పటి వీడియో, చాట్, బిల్లు, పెట్టె అన్నీ దాచండి. గిటార్‌ని వాయించకండి, తీగలు కూడా మార్చకండి, 'వాడేశారు' అనే మాట అతని నోటికి దొరక్కూడదు.

మేం 1915కి కంప్లైంట్ ఇచ్చాక అతను మళ్ళీ ఫోన్ చేశాడు. మళ్ళీ 'బ్రదర్'. గిటార్ మీ దగ్గరే ఉంచుకోండి, మంచి బ్యాగు, రెండు సెట్ల తీగలు ఫ్రీగా పంపుతాను, కంప్లైంట్ వెనక్కి తీసుకోండి అన్నాడు. డబ్బు మొత్తం ఖాతాలో పడ్డాక గిటార్ తీసుకెళ్ళమన్నాం, ఆ మాట మెసేజ్‌లో రాసిపెట్టమన్నాం. ఇంతవరకూ రాయలేదు.