రెండు 3090లకు నీళ్ల కూలింగ్: విజయనగరం ఉక్కపోతలో మూడేళ్ల వాడకం తర్వాత

ఒకే కేసులో రెండు ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డులు, వాటితోపాటు ప్రాసెసర్, అన్నీ ఒకే లూపులో (పంపు తిప్పే నీళ్ల చుట్టులో). మూడు 360 ఎం.ఎం. రేడియేటర్లు, ఒక డీ5 రకం నీళ్ల పంపు. మూడు వేసవులు చూసిన సెటప్ ఇది. ముందే తేల్చేస్తాను: రెండో కార్డు ఆటల కోసమే అయితే దానికి వాటర్ బ్లాక్ (చిప్పుల మీద బిగించి, లోపల నీళ్లు పారించే లోహపు దిమ్మ) కొనొద్దు, ఆ కార్డునే అమ్మేయండి. బ్లెండర్ (త్రీడీ సాఫ్ట్‌వేర్)లో రెండర్లు చేయడమో, ఇంట్లోనే భాషా మోడళ్లు నడపడమో ఉండి, రెండు కార్డులూ గంటల తరబడి ఫుల్ లోడ్‌లో ఉంటేనే ఈ ఖర్చు దండగ కాదు.

ఎందుకంటే ఆటల్లో రెండో కార్డు పని అయిపోయింది. 2021 జనవరి 1 నుంచి పాత కార్డులకు కొత్త ఎస్‌ఎల్‌ఐ (రెండు కార్డులు కలిసి ఒకే ఆట నడిపే పద్ధతి) ప్రొఫైళ్లు ఇవ్వడం ఎన్‌విడియా ఆపేసింది. 3090కి ఎన్‌వీలింక్ (కార్డులను కలిపే కనెక్టర్) ఉన్నా, ఆట తయారుచేసినవాళ్లే లోపల సపోర్ట్ రాసుకుంటే తప్ప అది పలకదు. అలా రాసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2022లో వచ్చిన 4090కైతే ఆ కనెక్టరే తీసేశారు. ఆట నడుస్తున్నంతసేపూ కింది కార్డు ఊరికే కూర్చుని ఇరవై ముప్పై వాట్లు తింటుంది, అంతే.

ఇక రెండూ పనిచేసే సందర్భం. గాలి కూలింగ్‌లో అసలు సమస్య పై కార్డుది. కింది కార్డు వదిలిన 350 వాట్ల సెగనే అది పీల్చుకోవాలి. దాదాపు మూడు స్లాట్ల మందం ఉన్న కార్డుల మధ్య మిగిలేది వేలు దూరేంత సందే. గదిలో 33 డిగ్రీలున్నప్పుడు పై కార్డు కోర్ (ప్రధాన చిప్పు) 83కి చేరి అక్కడే క్లాక్ (పనిచేసే వేగం) తగ్గించుకునేది. అంతకన్నా దారుణం మెమరీ. 3090లో 24 మెమరీ చిప్పులుంటే అందులో 12 బోర్డు వెనకవైపు, బ్యాక్‌ప్లేట్ (వెనక లోహపు పలక) కింద ఉంటాయి. జీడీడీఆర్6ఎక్స్ మెమరీ 110 డిగ్రీల దగ్గర తనంతట తానే నెమ్మదిస్తుంది. పై కార్డు రెండర్ మొదలైన పావుగంటకే 108 చూపించేది. ఫ్యాన్ల మోతకి పక్క గదిలో టీవీ సౌండ్ పెంచుకోవాల్సి వచ్చేది.

నీళ్ల జోలికి వెళ్లేముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండు కార్డుల పవర్ లిమిట్‌నీ 80 శాతానికి దించండి, అంటే 350 కాస్తా 280 వాట్లవుతుంది. రెండర్ టైంలో తేడా ఐదారు శాతానికి మించలేదు, కోర్ మాత్రం ఆరేడు డిగ్రీలు దిగింది. దానికి తోడు కేసు పక్కనుంచి రెండు కార్డుల సందులోకి ఊదేలా ఒక 120 ఎం.ఎం. ఫ్యాన్ కట్టండి. చాలామందికి ఇక్కడితో సరిపోతుంది. ఇది చేశాక కూడా మెమరీ 100 దాటుతుంటేనో, మోత భరించలేకపోతేనో తర్వాతి మాట.

ఒక అపోహ పోవాలి. వాటర్ కూలింగ్ పెడితే గది చల్లబడదు. 1,000 వాట్లు లాగే మెషిన్ 1,000 వాట్ల వేడినీ గదిలోకే వదులుతుంది, గాలితోనైనా నీళ్లతోనైనా. ఒక టన్ను ఏసీ బయటికి నెట్టగలిగేది సుమారు 3,500 వాట్లు. అంటే పది బై పన్నెండు గదిలో ఏసీ శక్తిలో పావు వంతు పైచిలుకు ఈ డబ్బాకే పోతుంది. గంటకో యూనిట్ కరెంటు మెషిన్‌కి, ఏసీది అదనం. మే నెలలో తలుపులు వేసుకుని ఏసీ లేకుండా రెండు కార్డులూ నడిపితే గంటలో కూర్చోలేరు. కార్డులు మాత్రం బాగానే ఉంటాయి.

పవర్ సప్లై దగ్గర పిసినారితనం వద్దు. కార్డులకు 700, ప్రాసెసర్‌కు 130, మొత్తం 830 అనుకుని 1,000 వాట్లది పెడితే రెండర్ మొదలెట్టగానే మెషిన్ ఠక్కున ఆరిపోయింది. 3090 మిల్లీసెకన్లపాటు 350కి చాలా పైకి ఎగబాకుతుంది. రెండూ ఒకేసారి ఎగబాకితే పవర్ సప్లై రక్షణ సర్క్యూట్ కట్ చేసేస్తుంది. 1,600 వాట్లది పెట్టాక మళ్లీ ఆ బెడద లేదు. దాని తీగకి 16 ఆంపియర్ల ప్లగ్ ఉంటుంది కాబట్టి బల్ల దగ్గర ఆ సాకెట్ ముందే వేయించుకోండి.

బ్లాకులు కొనేటప్పుడు కార్డు పేరు కాదు, బోర్డు చూడాలి. ఒకే 3090 అయినా కంపెనీ మారితే బోర్డు మారుతుంది, బోర్డు మారితే బ్లాక్ మారుతుంది. సెకండ్ హ్యాండ్‌లో రెండు వేర్వేరు మోడళ్లు తీసుకుంటే రెండు బ్లాకుల పోర్టులు ఒకే వరసలో రావు, గట్టి పైపు బిగించడం నరకం. మెత్తటి ట్యూబే మేలు. పైగా మన దగ్గర వేసవిలో లూపు నీళ్లు 48 దాటుతాయి, ఏసీ ఆగితే ఇంకా పైకి. పెట్‌జీ అనే గట్టి ప్లాస్టిక్ పైపు 60 దగ్గర మెత్తబడి ఫిట్టింగ్‌లోంచి జారుతుంది. డీ5 పంపు కూడా 60 వరకే. చలిదేశాల వీడియోల్లో మెరిసే పైపులు చూసి మోసపోవద్దు.

ఏ కార్డుకి ముందు నీళ్లు వెళ్లాలి అన్న వాదన అనవసరం. నిమిషానికి 4 లీటర్లు తిరిగితే ఒక్కో డిగ్రీకి దాదాపు 280 వాట్లు మోసుకుపోతుంది, 700 వాట్లకు నీళ్లు వేడెక్కేది రెండున్నర డిగ్రీలే. తేల్చుకోవాల్సింది సిరీసా (నీళ్లు ఒక కార్డు దాటాక రెండో కార్డుకి), పారలలా (రెండింటికీ విడివిడిగా) అన్నది. ఈ లూపు మొదట పారలల్. ఎనిమిది నెలలకి పై కార్డు కోర్ 60 నుంచి 71కి పాకింది, కింది కార్డు మాత్రం కదల్లేదు, ఫ్లో మీటరులో కూడా మార్పు లేదు. బ్లాక్ విప్పితే జెట్ ప్లేట్ (నీళ్లను పళ్ల మీదికి పంపే పలక) చీలికలో, సన్నటి రాగి పళ్ల మధ్య తెల్లటి జిగురు. పారదర్శకమైన పీవీసీ ట్యూబ్‌లోంచి ప్లాస్టిసైజర్ (ట్యూబ్‌ని మెత్తగా ఉంచే పదార్థం) కరిగి వచ్చిన సరుకది, వేడి నీళ్లలో ఇంకా తొందరగా వస్తుంది. పై బ్లాక్ పూడుకుపోతుంటే నీళ్లు తేలిక దారి చూసుకుని కింది బ్లాక్‌లోంచి పోయాయి, అందుకే మీటరు పసిగట్టలేదు. సిరీస్‌లో అయితే పూడిక వెంటనే ఫ్లోలో తెలిసిపోతుంది. నల్లటి ఈపీడీఎం రబ్బరు ట్యూబ్ వేసి సిరీస్‌కి మార్చాక రెండేళ్లుగా ఆ జిగురు కనపడలేదు. అందం ఉండదు, నిజమే. బ్లాక్‌ని మెత్తటి టూత్‌బ్రష్, డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. బ్లాక్ మీది ఆక్రిలిక్ ప్లాస్టిక్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తగలనివ్వొద్దు, వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి.

బిగింపులో జనం తప్పు చేసేది థర్మల్ ప్యాడ్ల (చిప్పుల వేడిని బ్లాక్‌కి చేరవేసే మెత్తటి పట్టీల) దగ్గర. బ్లాక్ మాన్యువల్ 1 ఎం.ఎం. అంటే కచ్చితంగా 1 ఎం.ఎం. మందమే వేయాలి. ఉన్నది కదా అని 1.5 పెడితే బ్లాక్ మెమరీ మీద ఆగిపోయి కోర్‌కి సరిగా ఆనదు. పరీక్ష సులువు: ఫుల్ లోడ్‌లో కోర్‌కీ హాట్‌స్పాట్‌కీ (చిప్పులో అన్నిటికన్నా వేడెక్కే చోటుకీ) తేడా పది పన్నెండు డిగ్రీలుంటే బిగింపు బాగున్నట్టు, ఇరవై దాటితే విప్పి మళ్లీ చేయాల్సిందే. స్క్రూలు ఒకేసారి కాకుండా ఎదురెదురుగా, అర చుట్టు చొప్పున. వెనకవైపు చిప్పులను మర్చిపోవద్దు. బ్యాక్‌ప్లేట్‌కి ప్యాడ్లు వేసి, దాని మీదికి ఒక ఫ్యాన్ తిప్పితే గానీ మెమరీ 84కి దిగలేదు. బ్లాక్ ఒక్కదానితో 94 దగ్గరే ఆగింది.

నీళ్లు పోసేముందు గాలి పంపుతో 0.5 బార్ ఎక్కించి అరగంట ఉంచండి. ముల్లు దిగితే ఎక్కడో ఓ-రింగ్ (రబ్బరు వాషర్) నలిగిందన్నమాట. ఫిట్టింగులు చేత్తో బిగిస్తే చాలు, పానా పడితే ఆక్రిలిక్ పగులుతుంది. కొత్త రేడియేటర్లను మూడు నాలుగుసార్లు కడగాలి. దానికి పెట్రోల్ బంకులో దొరికే బ్యాటరీ వాటర్ పనికొస్తుంది. ఆఖరున పోసేది మాత్రం డిస్టిల్డ్ వాటర్, అందులో తుప్పు పట్టకుండా, నాచు పట్టకుండా చూసే కాన్సంట్రేట్. ఇంట్లో ఆర్‌వో నీళ్లు వద్దు, లవణాలు మిగిలే ఉంటాయి. ఈ లూపుకి లీటరున్నర పట్టింది. రంగు నీళ్లు అడుగున పేరుకుంటాయి. అల్యూమినియం రేడియేటరు, రాగి బ్లాకు ఒకే లూపులో కలపొద్దు, అల్యూమినియం తినేసుకుపోతుంది. పంపుని పొడిగా ఒక్క క్షణం కూడా తిప్పొద్దు, దానికి నీళ్లే కందెన. పంపు స్పీడ్ తీగని మదర్‌బోర్డు మీది సీపీయూ ఫ్యాన్ హెడర్‌కి (ఫ్యాన్ తీగ గుచ్చే చోటుకి) పెట్టి, అది ఆగితే మెషిన్ ఆరిపోయేలా బయాస్‌లో సెట్ చేయండి.

ఫ్యాన్లు కోర్ వేడిని బట్టి కాదు, నీళ్ల వేడిని బట్టి తిరగాలి. అదీ మన ఊళ్లో చాలదు. డిసెంబర్ రాత్రి గది 22, మే మధ్యాహ్నం 36. నీళ్లు 45 అంటే చలికాలంలో ప్రమాదం, వేసవిలో మామూలు. గది గాలికి ఒక సెన్సర్ పెట్టి, నీళ్లకీ గదికీ తేడా మీద ఫ్యాన్ల వేగం కట్టాక గోల తగ్గింది: తేడా 8 అయితే 700 ఆర్‌పీఎం, 14 అయితే 1,300. రెండు కార్డులూ ఫుల్‌గా, గది 33 ఉంటే నీళ్లు 45, పై కార్డు 60, కింది కార్డు 58.

ఏసీ 22 పెట్టి రాత్రి మెషిన్ ఆపేసి, తెల్లారి కిటికీలు తీస్తే చల్లబడిన రేడియేటర్ మీద చెమట పడుతుంది. కళింగపట్నం నుంచి భీమిలి దాకా వేసవి తేమ అలాంటిది. లీకేమోనని కంగారుపడి లూపంతా విప్పేయొద్దు, ముందు కిటికీ అద్దం చూడండి. అదీ చెమర్చి ఉంటే లీకు కాదు. ఏసీ 27 దగ్గర ఉంచితే ఈ గొడవ దాదాపు ఉండదు. మెషిన్ ఆన్ చేసేముందు మాత్రం ఆరనివ్వాలి.

నిర్వహణ: నెలకోసారి బ్లోయర్‌తో రేడియేటర్ దుమ్ము, ఏడాదికోసారి నీళ్ల మార్పు. పళ్లు దట్టంగా ఉన్న రేడియేటర్ మన దుమ్ముకి తొందరగా మూసుకుపోతుంది, పలచటిదే కొనండి. రెండు కార్డుల మధ్య క్విక్ డిస్‌కనెక్ట్ (నీళ్లు కారకుండా ట్యూబ్ విడదీసే జాయింట్) ఒక జత పెట్టించుకోనందుకు ప్రతి ఏడూ తిట్టుకోవడమే, ఒక కార్డు తీయాలన్నా లూపంతా ఖాళీ చేయాలి. మొత్తం ఖర్చు లక్షకు కాస్త తక్కువ. రేపు కార్డు అమ్మేటప్పుడు బ్లాకుతో కొనేవాడు దొరకడం కష్టం. అందుకని విప్పిన గాలి కూలర్లు, ప్యాడ్లు, స్క్రూలు ఏ కార్డువి ఆ కార్డు కవర్లో వేసి, మీద పేరు రాసి దాచండి.