ఎమ్‌డీఏడీఎమ్: పాత రైడ్‌లో 27 డిస్కుల గడప దాటించడం

భీమవరం, అమలాపురం వైపు పెళ్లి వీడియోల కోసం లినక్స్ మెషీన్‌లో నాలుగైదు డిస్కులతో రైడ్ (డిస్కులన్నిటినీ కలిపి ఒక్కటిగా వాడే ఏర్పాటు) కట్టుకున్న స్టూడియోలకూ, రెండు షెల్ఫుల నిండా డిస్కులున్న కాలేజీ సర్వర్ గదులకూ ఈ సమీక్ష. ఎమ్‌డీఏడీఎమ్ అంటే లినక్స్‌లో రైడ్ కట్టి నడిపే టూల్. ఉచితం, గట్టి సాఫ్ట్‌వేర్. దానితో వచ్చే ఇబ్బందల్లా పాత 0.90 రకం సూపర్‌బ్లాక్‌తోనే, అంటే డిస్కులో రైడ్ వివరాలు రాసి ఉండే భాగంతోనే.

ఆ సూపర్‌బ్లాక్ మొత్తం 4096 బైట్లు. ఒక్కో డిస్కు వివరానికి 128 బైట్లు పోతాయి. మిగతా లెక్కలన్నీ తీసేస్తే 27 డిస్కులకే చోటు. మాన్యువల్‌లో 28 అని ఉంటుంది గానీ 27నే నమ్మండి. కొత్తవైన 1.ఎక్స్ (1.0, 1.1, 1.2) ఫార్మాట్లలో ఒక్కో డిస్కుకు 2 బైట్లు చాలు, అందుకే వందల డిస్కులు పడతాయి. స్టూడియోవాళ్లు 27 దాకా ఎప్పటికీ వెళ్లరు. వాళ్లకు అడ్డం పడేది ఇంకో హద్దు: రైడ్ 1, 5, 6లలో పాత కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) ఒక్కో డిస్కులో 2 టీబీ మించి వాడనివ్వదు, 3.1 కెర్నెల్ నుంచి 4 టీబీ. 2010 నుంచి కొత్తగా కట్టే రైడ్‌లకు డిఫాల్ట్ 1.2 కాబట్టి ఈ బాధ పాతవాటికే.

మీది ఏదో తెలియాలంటే డిస్కు మీద ఎమ్‌డీఏడీఎమ్ --ఎగ్జామిన్ కొట్టి వెర్షన్ లైన్ చూడండి. 0.90 అని వస్తే, డేటా కాపీ చేయకుండానే 1.0కి మార్చుకోవచ్చు. రెండింటి సూపర్‌బ్లాకూ డిస్కు చివర్లోనే ఉంటుంది, డేటా కదలదు. ఈ టూల్‌లో మాకు బాగా నచ్చింది ఇదే.

ముందు బ్యాకప్. తర్వాత ప్రతి డిస్కు ఎగ్జామిన్ అవుట్‌పుట్‌ను పెన్‌డ్రైవ్‌లో దాచండి. --డీటెయిల్‌లో స్టేట్ క్లీన్ అని ఉండాలి, రీసింక్ (డిస్కుల మధ్య డేటా సరిచేసుకోవడం) నడుస్తుండకూడదు. బిట్‌మ్యాప్ (ఏ భాగంలో రాత జరుగుతోందో గుర్తుపెట్టే పట్టిక) ఉంటే మార్పు జరగదు, --గ్రో --బిట్‌మ్యాప్=నన్‌తో తీసేయండి. అన్‌మౌంట్ చేసి, --స్టాప్ కొట్టి, --అసెంబుల్ --అప్‌డేట్=మెటాడేటా అని ఇచ్చి, డిస్కులన్నింటి పేర్లూ వరసగా రాయండి. డీటెయిల్‌లో 1.0 కనిపిస్తే మారినట్టే. పెద్ద డిస్కులున్నవాళ్లు అప్పుడు --గ్రో --సైజ్=మ్యాక్స్ ఇచ్చి, ఆ రీసింక్ అయ్యాక ఫైల్ సిస్టమ్‌ను సాగదీయాలి. చివర్లో బిట్‌మ్యాప్ మళ్లీ పెట్టుకోండి.

దెబ్బ తినేది ఎక్కువగా ఇక్కడ: కాన్ఫిగ్ ఫైల్‌లో మెటాడేటా=0.90 అన్న లైన్ అలాగే ఉండిపోతుంది. దాన్ని మార్చి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైల్ సిస్టమ్) మళ్లీ కట్టకపోతే రీబూట్‌కు రైడ్ ఎమ్‌డీ127 అనే వేరే పేరుతో లేస్తుంది, మౌంట్ ఆగిపోతుంది. ఎఫ్‌స్ట్యాబ్‌లో (మౌంట్‌ల జాబితా ఫైల్) పేరుకు బదులు యూయూఐడీ (ఫైల్ సిస్టమ్ గుర్తింపు సంఖ్య) వాడితే ఆ గొడవ ఉండదు. ఇంకొకటి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ లేకుండా రూట్ (సిస్టమ్ ఉండే భాగం) రైడ్ మీద నుంచే లేచే పాత సెటప్‌ల జోలికి పోవద్దు. కెర్నెల్ తానుగా గుర్తుపట్టేది 0.90నే.

అన్నింటికన్నా ప్రమాదం, మార్పు కాలేదని కంగారుపడి --క్రియేట్ కొట్టడం. డిఫాల్ట్ 1.2 సూపర్‌బ్లాక్ డిస్కు మొదట్లో 4 కేబీ దగ్గర కూర్చుంటుంది, డేటా మొదలయ్యే చోటు మారిపోతుంది, ఫైల్ సిస్టమ్ మాయమైనట్టు కనిపిస్తుంది. అక్కడ ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్ రిపేర్ టూల్) నడిపితే నిజంగానే పోతుంది.

సముద్రానికి దగ్గరగా ఉండే ఊళ్లలో ముందు సాటా కేబుళ్లు తీసి చూడండి. కనెక్టర్ పిన్నుల మీద నల్లటి మచ్చలుంటే కేబుల్ మార్చాకే పని మొదలుపెట్టండి. మధ్యలో ఒక్క డిస్కు జారిపోయినా తలనొప్పే. కరెంటు కోతలకు యూపీఎస్ తప్పనిసరి. మూఢంలో పెళ్లిళ్లు ఉండవు, స్టూడియోవాళ్లకు ఈ పని పెట్టుకోవడానికి అదే మంచి సమయం.

లోటు కూడా చెప్పాలి. 1.0 నుంచి వెనక్కి 0.90కి తిప్పే దారి లేదు. ఎర్రర్ మెసేజులు పొట్టిగా ఉంటాయి, 28వ డిస్కు ఎందుకు వద్దంటోందో కొత్తవాళ్లకు అర్థం కాదు. అయినా ఇంతకంటే తక్కువ శ్రమతో, డేటాను ముట్టుకోకుండా ఈ హద్దు దాటించే సాధనం మాకు కనబడలేదు. ఐదుకు నాలుగున్నర.