హైదరాబాద్ నుంచి డాల్మేషియా దీవులకు: కుటుంబమంతా ఒకే నౌకలో

నౌకను మొత్తంగా అద్దెకు తీసుకుని దీవుల మధ్య తీరిగ్గా తిరగాలనుకునే కుటుంబం అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఇంట్లో అందరికంటే పెద్దవారు రోజుకు ఎన్ని గంటలు సముద్రం మీద ఇబ్బంది పడకుండా కూర్చోగలరు? ఈ ప్రశ్నకు మా నాన్నగారు "మూడు గంటలు దాటితే నా వల్ల కాదు" అని స్పష్టంగా చెప్పారు. ఆ ఒక్క మాటతో మా ఎంపిక సగం పూర్తయింది. గ్రీసులోని సైక్లడీస్ దీవులు ఎంత అందమైనవైనా, వేసవిలో అక్కడ మెల్తెమి అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి వీస్తుంది కనుక వాటిని పక్కన పెట్టాము. అదే గ్రీసుకు పడమటనున్న అయోనియన్ దీవులలో గాలి నెమ్మదిగా ఉంటుంది. టర్కీలోని గోజెక్, ఫెతియే తీరంలో పైన్ చెట్లు నీటి అంచుదాకా దిగివచ్చే ప్రశాంతమైన మడుగులు ఎన్నో ఉన్నాయి. అయితే సాయంత్రమయ్యేసరికి ఒడ్డుకు దిగి, పాత ఊరి వీధులలో నాలుగడుగులు వేసి రావాలన్నది అమ్మ కోరిక. దీవులు తీరానికి సమాంతరంగా బారులు తీరి, ఒక్కొక్క దీవిలో ఒక రాతికోట పట్టణం ఉన్న క్రొయేషియాలోని డాల్మేషియా తీరం ఆ విధంగా మా నిర్ణయమైంది.

జూలై, ఆగస్టు నెలలలో అక్కడి రేవులు కిటకిటలాడతాయి, అద్దెలు కూడా అప్పుడే ఎక్కువ. సెప్టెంబరులో సముద్రపు నీరు ఇంకా వెచ్చగానే ఉంటుంది, జనం పలుచబడతారు. పిల్లల బడి సెలవులను బట్టి జూన్ కుదిరినవారికి అదీ మంచి నెలే.

ఇక నౌక సంగతి. సరంగు లేకుండా ఉత్త నౌకను తీసుకోవాలంటే మనలో ఒకరికి నౌక నడిపే ధ్రువపత్రంతో పాటు, సముద్రం మీద ఇతర నౌకలతో, రేవులతో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో వాడే అర్హత కూడా ఉండాలి. అది మాకు వర్తించదు. కెప్టెన్ ఒక్కరితో వచ్చే కాటమరాన్ రెండు పొట్టల మీద తేలుతుంది కనుక తక్కువ ఊగుతుంది, ధర కూడా కొంత నయం. కాని వంట, గిన్నెలు, సామాన్ల కొనుగోలు మనమే చూసుకోవాలి, ఒక గది కెప్టెన్‌కు వదలాలి. అత్తయ్యను, అమ్మను సెలవుల పేరుతో మరో వంటింట్లో నిలబెట్టడం మాకెవరికీ ఇష్టం లేకపోయింది. అందువల్ల కెప్టెన్, వంటాయన, ఇద్దరు నావికులతో వచ్చే గులెట్‌ను ఎంచుకున్నాము. ఇది టర్కీ తీరంలో పుట్టిన వెడల్పాటి కొయ్యనౌక. తెరచాపలున్నా ఎక్కువగా ఇంజిన్ మీదే నడుస్తుంది. ప్రతి గదికీ స్నానాలగది ఉంటుంది, వెనుకభాగంలో అందరూ కలిసి కూర్చుని భోంచేసే పెద్ద బల్ల ఉంటుంది. పాపికొండల లాంచీ మీద పైఅంతస్తులో కూర్చుని ఒడ్డులు చూసినవారికి ఆ సుఖం వెంటనే అర్థమవుతుంది.

డబ్బు విషయంలో చాలా జాగ్రత్త అవసరం. మా నగరంలోని ఒక ఏజెంటు పంపిన మొదటి అంచనాలో అద్దె తప్ప మరేమీ లేదు. రేవు రుసుములు, పర్యాటక పన్ను, నేషనల్ పార్క్ టిక్కెట్లు, ఆ తీరంలోని రేవు పట్టణం స్ప్లిట్‌లో ఎక్కి మరో రేవు డుబ్రోవ్నిక్‌లో దిగినందుకు ఖాళీ నౌకను వెనక్కి తీసుకుపోయే ఖర్చు, ఇవన్నీ మేము ఒక్కొక్కటిగా అడిగితే గాని బయటికి రాలేదు. సాధారణంగా గులెట్ అద్దెలో రోజుకు నాలుగు గంటల ప్రయాణానికి సరిపడే ఇంధనం కలిసి ఉంటుంది, అది దాటితే గంటకింత అని వసూలు చేస్తారు. భోజనం మనిషికింత చొప్పున విడిగా ఉంటుంది, ఉదయపు ఫలహారం, మధ్యాహ్న భోజనం మాత్రమే అందులో వస్తాయి. రాత్రి భోజనం ఒడ్డున చేయడం అక్కడి అలవాటు. మరింత పెద్ద విలాస నౌకలలో లెక్క వేరు. అద్దె మీద 25 నుంచి 30 శాతం ముందుగానే ఖర్చుల నిధిగా కట్టించుకుంటారు, కెప్టెన్ రసీదులతో లెక్క చూపి మిగిలినది తిరిగి ఇస్తారు. సిబ్బందికి చివర్లో ఇచ్చే బహుమానం అద్దెలో 5 నుంచి 10 శాతం వరకు ఉంటుందని ముందే అనుకుని పక్కన పెట్టుకోవడం మేలు. అద్దె వారం శనివారం మొదలై శనివారంతో ముగుస్తుంది కనుక విమానం టిక్కెట్లు దానికి తగ్గట్టు చూసుకోవాలి.

క్రొయేషియా 2023 జనవరి 1న ఒకేరోజున షెంగెన్ ప్రాంతంలో (ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల కూటమిలో) చేరి, యూరోను కూడా తన కరెన్సీగా స్వీకరించింది. అందువల్ల షెంగెన్ వీసా, కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. బస రుజువుగా నౌక ఒప్పందపత్రం, దానిలో అందరి పేర్లు, పాస్‌పోర్ట్ నంబర్లు ఉన్న జాబితా జతచేశాము. శంషాబాద్ నుంచి స్ప్లిట్‌కు నేరుగా విమానం లేదు, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో గల్ఫ్ నగరాల మీదుగానో వెళ్ళాలి. నౌక ఎక్కే రోజుకు ముందురోజే చేరుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఒక విమానం ఆలస్యమైతే నౌక ఆగదు, అద్దె తగ్గదు.

సామాన్ల విషయంలో తెలుగు ఇళ్ళకు ఒక చిక్కుంది. ఐరోపా సమాఖ్య దేశాలలోకి బయటినుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకుపోనివ్వరు. నెయ్యి ఆ లెక్కలోకే వస్తుంది, పచ్చి కరివేపాకుకూ అనుమతి లేదు. ఆవకాయ, కందిపొడి, చింతపండు, ఎండుమిర్చి, ఇంగువ మాత్రం లగేజీలో నిక్షేపంగా వెళ్ళాయి. మొదటిరోజే అత్తయ్య స్ప్లిట్ బజారులో ఉప్పులేని వెన్న కొనిపించి, నౌకలోని చిన్న వంటగదిలో సన్నని సెగ మీద నెయ్యి కాచారు. గిన్నె ఊగకుండా పొయ్యి చుట్టూ ఇనుప కమ్మీలు ఉన్నాయి. వెన్న నురుగు తేలి, అడుగున గోధుమరంగు గోకుడు పట్టి, కమ్మటి వాసన డెక్ మీదికి వచ్చేసరికి వంటాయన తన పని ఆపి వచ్చి చూశాడు. మర్నాటినుంచి ఆయన చేపలు కాల్చే పొయ్యి పక్కనే మాకు పప్పు ఉడికేది. స్థానిక వంటలలో ఆకుకూర, బంగాళదుంప, వెల్లుల్లి, ఆలివ్ నూనెతో చేసే బ్లిత్వా మా శాకాహారులకు బాగా నచ్చింది.

స్ప్లిట్‌ను, దాని పక్కనున్న ట్రోగిర్‌ను ఒక్కపూటలో చూడవచ్చు. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ విశ్రాంత జీవితం కోసం నాలుగో శతాబ్దపు తొలినాళ్ళలో కట్టించుకున్న ప్రాసాదంలోనే నేటికీ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి, గోడలమీద బట్టలు ఆరుతుంటాయి. 

హ్వార్ దీవిలోని హ్వార్ పట్టణం పేరు ఎక్కువ, మాకు కలిగిన తృప్తి తక్కువ. రాత్రివేళ సంగీతపు హోరు, రేవులో ఒకదానికొకటి ఆనుకున్న నౌకలు పెద్దవారికి నిద్ర పట్టనివ్వవు. అదే దీవికి ఉత్తరాన ఉన్న స్టారి గ్రాడ్ మాత్రం మనసుకు హత్తుకుంది. క్రీస్తుపూర్వం 384లో పారోస్ దీవి నుంచి వచ్చిన గ్రీకులు స్థాపించిన ఊరది. వారు రాతిగట్లతో విభజించిన పొలాలలో ఇప్పటికీ ద్రాక్ష, ఆలివ్ పండుతున్నాయి. వ్యవసాయం చేసి రిటైరైన నాన్నగారు ఆ గట్ల మీద నడుస్తూ, రాళ్ళు సున్నం లేకుండా ఎలా నిలిచాయో చాలాసేపు పరిశీలించారు.

విస్ దీవి యుగోస్లావియా సైనిక స్థావరంగా ఉండి 1989 వరకు విదేశీయులకు మూసివుండేది. అందుకే హోటళ్ళ రద్దీ లేకుండా మిగిలింది. దాని పక్కనున్న బిషెవోలోని నీలి గుహకు పెద్ద నౌక వెళ్ళదు, చిన్న పడవలోకి మారి, ద్వారం దగ్గర తల వంచుకుని లోనికి పోవాలి. నీటి అడుగున ఉన్న మరో రంధ్రం నుంచి వెలుతురు చొరబడి గుహంతా నీలమవుతుంది, ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 12 మధ్య అది బాగా కనిపిస్తుంది. ఆగ్నేయం నుంచి జూగో గాలి లేస్తే గుహ మూసేస్తారు. మేము వెళ్ళిన ఉదయం అలలు లేచి, కెప్టెన్ వద్దన్నాడు. పిల్లలు నిరాశపడ్డా, ఆయన మాటకు ఎదురుచెప్పకపోవడమే సబబని నా అభిప్రాయం. ఉత్తర ఈశాన్యం నుంచి హఠాత్తుగా విరుచుకుపడే బూరా అనే మరో గాలి ఇంకా ప్రమాదకరమైనది. మధ్యాహ్నం పూట వాయవ్యం నుంచి వచ్చే మాయెస్త్రాల్ మాత్రం వేసవి ప్రయాణికులకు చల్లని నేస్తం. ఒక రోజు ఖాళీగా ఉంచుకుని వేసుకున్న ప్రణాళికే ఈ గాలుల మధ్య నిలబడుతుంది.

కొర్చులా దీవిలోని అదే పేరున్న పట్టణం గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. పడమటి గాలి ఊరంతా తిరిగేలా, బూరా లోనికి రాకుండా ఉండేలా వీధులను చేపముల్లు ఆకారంలో వేశారు. ప్రసిద్ధ యాత్రికుడు మార్కో పోలో ఇక్కడే పుట్టాడని ఊరివారి నమ్మకం. వెనిస్ అనే వాదనే చరిత్రకారులలో ఎక్కువ. తెలుగువాడికి అంతకంటే ముఖ్యమైన సంగతి, ఆ యాత్రికుడు మన మోటుపల్లి రేవు గురించి, దాన్ని న్యాయంగా ఏలిన రాణి గురించి, అక్కడి వజ్రాల గురించి రాశాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. ఆమె తండ్రి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం, తుఫానుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును రాజు జప్తు చేయడని సముద్ర వర్తకులకు మాట ఇస్తుంది. కొర్చులా కోటగోడ మీద కూర్చుని ఈ విషయం పిల్లలకు చెప్పినప్పుడు, మోటుపల్లి ఎక్కడుందని అడిగారు. బాపట్ల జిల్లాలో ఉందని, మనం ఇంతవరకు వెళ్ళలేదని చెప్పాను.

మ్ల్యెట్‌లో మేము అనుకున్నదానికంటే ఎక్కువసేపు ఉండిపోయాము. 1960లోనే నేషనల్ పార్క్‌గా ప్రకటించిన ఆ దీవి పడమటి భాగంలో సముద్రంతో సన్నని పాయ ద్వారా కలిసిన రెండు ఉప్పునీటి సరస్సులున్నాయి. పార్క్ టిక్కెట్‌లోనే సరస్సు మధ్యనున్న చిన్న దీవికి పడవ ప్రయాణం కలిసివుంటుంది, అక్కడ పన్నెండో శతాబ్దపు బెనెడిక్టైన్ మఠం ఉంది. అమ్మ, అత్తయ్య మఠం మెట్ల మీద కూర్చుంటే, మేము సైకిళ్ళు అద్దెకు తీసుకుని చుట్టూ తిరిగాము. రాత్రి పొలాచె మడుగులో లంగరు వేశారు. లంగరులో ఉన్నప్పుడు రాత్రంతా జనరేటర్ నడపరు, కనుక ఏసీ ఆగిపోతుంది. గదిలో ఉక్కపోస్తే చాపలు, దుప్పట్లు డెక్ మీదికి తెచ్చుకోవాలి. ఈ సంగతి ఒప్పందానికి ముందే అడిగి, రోజుకు ఎన్ని గంటలు ఏసీ ఇస్తారో రాయించుకోవడం అవసరం. మంచినీటి ట్యాంకు కూడా రేవుకు వెళ్ళేదాకా సరిపోవాలి కనుక స్నానాలు క్లుప్తంగా కానివ్వాలి. ఒడ్డున రాళ్ళ మధ్య ముళ్ళుండే సముద్రజీవులు ఉంటాయి, అందరికీ రబ్బరు చెప్పులు కొనడం మరవకూడదు.

డుబ్రోవ్నిక్ కోటగోడ దాదాపు రెండు కిలోమీటర్లు. ఉదయం తెరవగానే ఎక్కితే ఎండ తగలదు, విహార నౌకల జనం కూడా అప్పటికి దిగరు. మోకాళ్ళ నొప్పులున్నవారు మెట్లు చూసి నిర్ణయించుకోవాలి. నాన్నగారు కింద నీడలోనే ఉండిపోయారు.

వచ్చే సెప్టెంబరులో మా బావగారి కుటుంబం ఇదే దారిలో వెళ్ళాలనుకుంటోంది. హ్వార్ పట్టణాన్ని వదిలేసి, ఆ రాత్రిని మ్ల్యెట్‌కు కలపమని వారికి చెప్పాను. అద్దెలో సగం కట్టకముందే వంటాయన శాకాహారం వండగలడా, కెప్టెన్‌కు ఆ తీరం ఎన్నేళ్ళుగా తెలుసు, వాతావరణం వల్ల దారి మారితే అదనపు రుసుము ఉంటుందా అనే మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోమని కూడా చెప్పాను.