పేరు కొట్టి వెతకలేని సైటే మాకు దారి చూపించింది

మా అత్తగారిది ఐర్లాండ్‌లో మేయో కౌంటీ. తన ముత్తాత ఏ ఊళ్లో పుట్టారో తెలుసుకోవాలని ఆవిడకు ఎప్పటినుంచో కోరిక. నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఐర్లాండ్ వాళ్ల కాథలిక్ ప్యారిష్ రిజిస్టర్ల (ఒక్కో చర్చి పరిధిలో జరిగిన బాప్తిజాలు, పెళ్లిళ్లు రాసిన పుస్తకాల) సైట్‌తో నాలుగు నెలలు కూర్చున్నాను. 2015లో పెట్టారు, వెయ్యికి పైగా ప్యారిష్‌లవి ఉన్నాయి, పైసా కట్టక్కర్లేదు.

కానీ ఇందులో పేరుతో వెతకడం కుదరదు. అన్నీ పాత మైక్రోఫిల్మ్ ఫోటోలు, ప్యారిష్ తెలిస్తే పేజీలు తిప్పుకుంటూ చదవడమే. అందుకే మొదట డబ్బు కట్టే ఇంకో సైట్‌లో వెతికాను. వాళ్ల ఇండెక్స్‌లో ఇంటిపేరు తప్పుగా ఎక్కింది, మూడు వారాలు ఎవరో వేరే కుటుంబం వెంట తిరిగాను, చాలా బాధేసింది.

పల్లె ఆచూకీ మాత్రం మొదట భూమి రికార్డుల్లో దొరికింది. కాథలిక్కుల పెళ్లిళ్లు కూడా ప్రభుత్వం నమోదు చేయడం మొదలైంది 1864లో, ముత్తాతది ఆ తర్వాతి పెళ్లి కాబట్టి ఆ రికార్డులో ఆయన తండ్రి పేరుంది. ఆ పేరుతో గ్రిఫిత్స్ వాల్యుయేషన్ చూశాను. 1847, 1864 మధ్య పన్ను కోసం ఇళ్లకూ పొలాలకూ విలువ కట్టిన పుస్తకాలవి, మ్యాపులతో సహా ఆస్క్ అబౌట్ ఐర్లాండ్ సైట్‌లో ఉచితం. మన అడంగల్‌లాగే సాగు చేసే మనిషి పేరు, భూస్వామి పేరు, విస్తీర్ణం ఉంటాయి, ఇంట్లో మిగతావాళ్ల పేర్లుండవు. ఒకే పల్లెలో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరున్నారు, తేడా తెలియడానికి పక్కన బ్రాకెట్లో వాళ్ల తండ్రుల పేర్లు రాశారు. అలా ఇంకో తరం దొరికింది!

పల్లె తెలిశాక కాథలిక్ ప్యారిష్ ఏదో చూసుకోవాలి, భూమి రికార్డుల్లో వాడే సివిల్ ప్యారిష్ (ప్రభుత్వ విభాగం) హద్దులు వేరు, నేను అక్కడా తడబడ్డాను. రిజిస్టర్లో చాలాచోట్ల పేర్లు ల్యాటిన్‌లో ఉంటాయి, జేమ్స్ కోసం చూస్తే జాకోబస్ కనబడతాడు. జ్ఞాన తల్లిదండ్రుల (బాప్తిజంలో బిడ్డ తరఫున నిలబడేవాళ్ల) పేర్లు కూడా రాసుకోండి, ఒకే పేరున్న కుటుంబాలను విడదీయడానికి అవే ఆధారం.

1922లో డబ్లిన్‌లో పబ్లిక్ రికార్డ్ ఆఫీస్ తగలబడి 1821-51 జనాభా లెక్కలు చాలావరకు పోయాయి, 1861 నుంచి 1891 దాకా ఉన్నవాటిని ప్రభుత్వమే నాశనం చేసింది. పేద కౌలురైతుల గురించి మిగిలిందంతా ఇలాంటి పుస్తకాల్లోనే, అందుకే మసకగా ఉన్న పేజీని కూడా వదలబుద్ధి కాలేదు.

ముత్తాత పుట్టిన ఏళ్ల పేజీలు మాత్రం ఆ రిజిస్టర్లోనే లేవు. ఆయన చెల్లెలి బాప్తిజం దొరికింది, అదే తల్లిదండ్రులు, అదే పల్లె. ప్రింట్ తీసిస్తే అత్తగారు ఆ పల్లె పేరు మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నారు.