న్యూజెర్సీలో పాత పొలం చవకగా వస్తోందా? డిపాజిట్ కట్టేముందు ఇది చదవండి

హంటర్డన్ కౌంటీ వైపు పొలాలు చవకగా ఉన్నాయంటూ మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ప్రకటనలు తిరుగుతున్నాయి. అలాంటిదే ఒకటి చూసి మేం నాలుగు కుటుంబాలం కలిసి డిపాజిట్ కట్టాం. నాలుగు భాగాలు చేసుకుని తలా ఒక ఇల్లు కట్టుకోవచ్చని ఏజెంట్ నమ్మబలికాడు.

భూమి హక్కుల చరిత్ర చూపే టైటిల్ రిపోర్ట్ వచ్చాక మా లాయర్ అసలు సంగతి బయటపెట్టారు. ఆ భూమి మీద కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ ఉంది. అంటే తరాలుగా సాగు చేసిన కుటుంబం, పొలం పొలంగానే ఉండాలని, ఇళ్లు కట్టే హక్కుల్ని సాగుభూముల్ని కాపాడే ఫార్మ్‌ల్యాండ్ ప్రిజర్వేషన్ పథకంలో ఎప్పుడో అమ్మేసింది. ఆ షరతులు శాశ్వతం. యజమాని ఎవరు మారినా భూమిని అంటుకునే ఉంటాయి. ధర తక్కువ ఉన్నది అందుకే! ఆ కుటుంబాన్ని తప్పుపట్టను, మంచి పనే చేశారు. దాన్ని దాచి అమ్మజూపిన ఏజెంట్ మీదే నా కోపమంతా. అడిగితే "వ్యవసాయ భూమి అని చెప్పాను కదండీ" అన్నాడు. డిపాజిట్ వెనక్కి వచ్చింది గానీ లాయర్ ఫీజు మాకే పడింది.

మన ఊళ్లో భూమి 22-ఎ నిషేధిత భూముల జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ ఎవరూ ఆపరు. ఇలాంటి పొలాల అమ్మకం పూర్తిగా చట్టబద్ధం, క్లోజింగ్ (భూమి చేతులు మారే చివరి ఘట్టం) సాఫీగా అయిపోతుంది. ఇల్లు కట్టబోయినప్పుడే చిక్కు.

కాబట్టి ఈజ్‌మెంట్ డీడ్ కాపీ ముందే అడగండి. ఇవ్వకపోతే కౌంటీ క్లర్క్ ఆఫీసు రికార్డుల్లో దొరుకుతుంది. అందులో 'ఎక్సెప్షన్ ఏరియా', అంటే ఆ షరతుల నుంచి మినహాయించిన ముక్క, ఉందా, దాన్ని విడిగా అమ్మవచ్చా అన్నది చూడాలి. ఇల్లు కట్టే అవకాశం చాలావరకు ఆ ముక్కకే పరిమితం. మిగతా పొలాన్ని విభజించాలన్నా, ఉన్న పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టాలన్నా అనుమతులు కావాలి.

ఇలాంటి పొలానికి ఆస్తిపన్ను తక్కువన్న మాటకూ పడిపోకండి. ఆ తగ్గింపు 1964 నాటి వేరే చట్టం కింద, నిజంగా సాగు చేస్తేనే వస్తుంది. కనీసం 5 ఎకరాల సాగు, మొదటి 5 ఎకరాల మీద ఏడాదికి 1,000 డాలర్ల అమ్మకం చూపించాలి.

ఏజెంట్ ఇళ్లు కట్టుకోవచ్చంటే ఆ మాటే కాంట్రాక్టులో రాయమనండి. మా లాయర్ ఇప్పుడు అందరికీ చెప్తున్నది అదే.