శ్రీశైలం రోడ్డులో "దుప్పి తోలు" అని అమ్ముతున్నారు, దయచేసి కొనకండి

డిండి దాటినాక రోడ్డు పక్కన బండి ఆపుకుని పూజకు ఆసనాలు, రుద్రాక్షలు, తేనె అమ్మేవాళ్లు కనిపిస్తారు. అందరూ మోసగాళ్లు అనను. కానీ వాళ్లలో ఎవరైనా గొంతు తగ్గించి "లోపల దుప్పి తోలు ఉంది, చూస్తారా" అంటే మాత్రం అక్కడ నిలబడకండి. నేను నిలబడ్డాను, 4,500 పోగొట్టుకున్నాను. డబ్బు కంటే పెద్ద ఇబ్బందిలోనే పడేవాణ్ని, కొద్దిలో తప్పింది.

చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలో జరిగే సలేశ్వరం జాతరకు పోయి వస్తున్నాం. నాన్న రోజూ పొద్దున గంటసేపు జపం చేస్తాడు, నేల మీద కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయి. మేక తోలుదో గొర్రె తోలుదో మంచి ఆసనం దొరికితే తీసుకుందామని ఆగాను, అంతే. ఆ అబ్బాయి మేక తోళ్లు చూపిస్తూనే సంచిలోంచి గోధుమ రంగు మీద తెల్ల చుక్కలున్న తోలు బయటికి తీశాడు. నల్లమలలో దానంతట అది చచ్చిన జంతువుది, తంగేడు చెక్కతో (అంటే బెరడుతో) పదును చేసింది, అంటే కుళ్లకుండా శుద్ధి చేసింది, పదేళ్లయినా చెక్కు చెదరదు అన్నాడు. బిల్లు అడిగితే "దీనికి బిల్లు ఉంటదా అన్నా, నమ్మకం మీద తీస్కోవాలె" అన్నాడు. ఆ మాటకే నేను కారెక్కి రావాల్సింది. నాన్న ముఖంలో సంతోషం చూసి డబ్బులిచ్చేశాను, తప్పు నాది కూడా.

ఎండాకాలమంతా బాగానే ఉంది. వానలు పడి నాలుగు రోజులు ముసురు పట్టేసరికి పూజ గదిలో కుళ్లు వాసన మొదలైంది, ఎలుక చచ్చిందేమోనని అమ్మ గదంతా వెతికింది. ఐదో రోజు నాన్న జపం ముగించి లేస్తే తెల్ల పంచె వెనకంతా గోధుమ రంగు అంటుకుంది. తోలు తిప్పి చూస్తే అడుగున ఒళ్లంతా నూగున్న సన్న పురుగులు, వాటి చుట్టూ పొడి. తడి గుడ్డతో ఒక మూల తుడిచాను, గోధుమ రంగు పోయి మామూలు తెల్ల మేక బయటపడింది. చుక్కలన్నీ రంగు వేయకుండా వదిలేసిన చోట్లు!

దేవరకొండ దగ్గర మా ఊళ్లో ఒక పెద్దాయన ఉన్నాడు, చిన్నప్పుడు వాళ్ల నాయినతో కలిసి లందలో, అంటే తోళ్లు నానబెట్టే గుంతలో, తోళ్లు నానేసి మోటలకు (బావి నీళ్లు తోడే తోలు సంచులకు), చెప్పులకు తోలు తయారు చేసినవాడు. ఆయన దగ్గరికి తీసుకుపోయాను. మెడ దగ్గర వెంట్రుకలు రెండు వేళ్లతో పట్టి లాగాడు, కుచ్చు కుచ్చే ఊడి చేతికొచ్చింది. "కోసినంక శానాసేపు ఉప్పు పెట్టలే బిడ్డా, అప్పటికే లోపల మురిగింది" అన్నాడు. తర్వాత కత్తితో అంచు సన్నగా కోసి ఆ కోసిన చోటు నాకు చూపించాడు. పైనా కిందా రంగు ఉంది, నడుమ గాజులాగా గట్టిగా, పసుపు కలిసిన తెల్ల చార. పదును లోపలికి దిగలేదని గుర్తు అది. పటిక, ఉప్పు పైపైన రుద్ది ఎండకేశారట. తడి తగిలితే పటిక కరిగిపోతుంది, తోలు మళ్లీ పచ్చితోలే, ఇక కుళ్లక ఏం చేస్తుంది. తంగేడు చెక్క రసంలోనో కరక్కాయ రసంలోనో వారాల తరబడి నానితేనే తోలు నిలబడుతుందని, కోసిన కొన్ని గంటల్లోనే, రెండు కిలోల తోలుకు కిలో లెక్కన ఉప్పు పట్టించకపోతే ఆ తర్వాత ఎంత నానేసినా లాభం లేదని చెప్పాడు. బతుకమ్మలో మనం పేర్చే ఆ తంగేడు చెట్టు బెరడుకు అంత పని ఉందని నాకు అప్పటిదాకా సరిగా తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. తెలిసిన ఫారెస్టు ఆయనకు చూపిస్తే "మేక తోలు కాబట్టి బతికిపోయావు" అన్నాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పి, జింక లాంటి అడవి జంతువుల తోలు అమ్మడమే కాదు, కొనడం, కాగితాలు లేకుండా ఇంట్లో పెట్టుకోవడం కూడా నేరమే. కృష్ణజింక అయితే మొదటి షెడ్యూల్ జంతువు, అంటే చట్టం అన్నిటికంటే గట్టి రక్షణ ఇచ్చే జాబితాలోది, కనీసం 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల దాకా జైలు. "దానంతట అది చచ్చింది" అన్న మాట కోర్టులో పనికిరాదు. అమ్రాబాద్ పులుల అడవి పక్కనే ఉన్న ఊళ్ల మనుషులం, మనం ఒక్కో తోలు కొన్నకొద్దీ లోపల ఇంకో ఉచ్చు పడుతుంది. పిల్లలమర్రి దగ్గర జింకల పార్కుకు పిల్లల్ని తీసుకుపోయి చూపించే మనమే, ఇంటికొచ్చి దాని తోలు మీద కూర్చుని జపం చేస్తామా? ఈ ఆలోచన కొనేటప్పుడు నాకు రాలేదు, ఆ బాధ ఇంకా ఉంది.

మేక తోలో గొర్రె తోలో కావాలంటే నిక్షేపంగా కొనుక్కోండి, అది తప్పేం కాదు. కానీ వెంట్రుకలు మెడ దగ్గర, పొట్ట అంచుల దగ్గర లాగి చూడండి, కుళ్లు అక్కడే ముందు మొదలవుతుంది. ఒక మూల తడి రుమాలుతో రుద్దండి. అంచు కొంచెం కోసి చూపించమనండి, నడుమ దాకా ఒకే రంగు ఉండాలి. అట్టలాగా బిరుసుగా ఉండి మడిస్తే పెళపెళమంటే వద్దు. బిల్లు ఇవ్వనంటే అసలే వద్దు.

తోలు అమ్మిన అబ్బాయి ఇచ్చిన నంబరు స్విచ్చాఫ్ వస్తోంది. తోలును పెరట్లో సున్నం చల్లి పూడ్చాం. నాన్న ఇప్పుడు మా తాత గొంగడి నాలుగు మడతలు వేసుకుని కూర్చుంటున్నాడు, మోకాళ్లకు ఇదే హాయిగా ఉందంటున్నాడు. మొన్న ఆదివారం మా బావమరిది అటు పోతూ అదే బండిని చూశాడట, ఈసారి బయటే రెండు చుక్కల తోళ్లు వేలాడుతున్నాయని ఫోన్ చేశాడు. ఎక్కడ ఉందో ఫారెస్టు వాళ్లకు చెప్పాను. ఆ దారిన పోయేటప్పుడు ఆ బండి మీకు కనిపించినా ఫారెస్టు వాళ్లకు చెప్పండి.