పాత బెజవాడ చూడాలంటే వన్ టౌనా, బీసెంట్ రోడ్డా?

చుట్టాలొచ్చి పాత బజారు చూపించమంటే మా ఇంట్లో రెండు పార్టీలు. అమ్మది వన్ టౌన్, చెల్లిది బీసెంట్ రోడ్డు.

చరిత్ర కావాలంటే మాత్రం వన్ టౌనే. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట, దాని కాలవలు, 1893లో రైలు వంతెన, వీటితో సరుకు రవాణాకి ఈ ఊరు కూడలి అయింది. ఇక్కడి కాళేశ్వరరావు మార్కెట్ పేరు ఎవరిదో చాలామందికి తెలీదు, ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి స్పీకర్ అయ్యదేవర కాళేశ్వరరావుది. చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని ఆ సందుల్లో నడుస్తుంటే ఎండుమిరప ఘాటుకి తుమ్ములే తుమ్ములు, పైగా మూటలు మోసేవాళ్లు వెనకనుంచి "పక్కకి, పక్కకి" అని అరుపులు. వన్ టౌన్‌లోనే ఉన్న వస్త్రలత అనే బట్టల మార్కెట్‌లో బట్టలు టోకున దొరుకుతాయి, ఒక్క చీర కోసం వెళ్తే అంతగా పట్టించుకోరు.

బీసెంట్ రోడ్డు చిన్నదే. అనీబిసెంట్ పేరు మీద, ఏలూరు రోడ్డుకీ బందరు రోడ్డుకీ మధ్య ఉంటుంది. చెప్పులు, క్లిప్పులు, బేరాలు... పండగ ముందైతే కాలు పెట్టలేం.

నా ఓటు వన్ టౌన్‌కే, కాకపోతే బండి పార్కింగ్ టెన్షన్ ఉంది కాబట్టి ఆటోలో వెళ్లండి.